నకిలీ డొమైన్ మీద ఫిర్యాదు పెట్టి 19 రోజులు: రిజిస్ట్రార్ ఎందుకు కదలడు, ఎవరిని పట్టుకుంటే పని జరుగుతుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైట్ స్లాబులు ఎగుమతి చేస్తారు. మీ డొమైన్ పేరులో చివరి ‘ఎస్’ ఒక్కటి తీసేసి ఎవరో డాట్ కామ్‌లోనే రిజిస్టర్ చేశారు. ఆ అడ్రసు నుంచి మీ విదేశీ బయ్యర్‌కి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అంటూ ప్రొఫార్మా ఇన్‌వాయిస్ వెళ్ళింది. రిజిస్ట్రార్‌కి, అంటే ఆ పేరు అమ్మిన కంపెనీకి, మూడు మెయిళ్ళు పెట్టారు, ఒక లాయర్ నోటీసు పంపారు. 19 రోజులైనా టికెట్ నంబరు తప్ప ఏమీ రాలేదు. డొమైన్ పేర్ల వ్యవస్థని పర్యవేక్షించే ఐకాన్‌కి రాస్తే డొమైన్ తీసేస్తారా, ఒంగోలులో కేసు పెడితే తీయించగలరా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఐకాన్ తీయదు. పోలీసు కేసు అవసరమే గానీ అది ఒక్కటే డొమైన్‌ని ఆపలేదు. మీ విషయంలో త్వరగా ఫలితం ఇచ్చేవి రెండు. ఒకటి, ఆ నకిలీ డొమైన్ మెయిల్ ఏ కంపెనీ సర్వర్ల మీద నడుస్తోందో ఆ కంపెనీకి ఫిర్యాదు. రెండోది, రిజిస్ట్రార్‌కి అదే టికెట్ మీద, ఈసారి పూర్తి ఆధారంతో, ‘ఫిషింగ్’ (నకిలీ మెయిళ్ళతో, సైట్లతో వివరాలు రాబట్టడం) అన్న మాటతో రాసిన ఫిర్యాదు. ఐకాన్ ఆ తర్వాత.

కానీ డొమైన్ కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి.

డబ్బు. బయ్యర్ ఇప్పటికే టీటీ (బ్యాంకు నుంచి విదేశీ బదిలీ) కొట్టి ఉంటే ఆ డబ్బు బయ్యర్‌ది, రీకాల్ అడగాల్సిందీ ఆయనే. తన బ్యాంకుకి మోసం జరిగిందని రాసిచ్చి స్విఫ్ట్ రీకాల్ (డబ్బు వెనక్కి పంపమని అవతలి బ్యాంకుకి వెళ్ళే సందేశం) పంపించమనాలి, వాళ్ళ దేశంలో పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. అమెరికా బయ్యర్ అయితే ఎఫ్‌బీఐ వాళ్ళ ఐసీ3 పోర్టల్ ఉంది. డబ్బు మన దేశంలోని ఖాతాలో పడి ఉంటే 1930కి ఫోన్. ఇవన్నీ గంటల లెక్కలో జరిగితేనే ఫలితం ఎక్కువ. 19 రోజుల తర్వాత ఆశ తక్కువే అయినా కాగితం మీద ఉండాలి, రేపు మీకూ బయ్యర్‌కీ మధ్య ‘నష్టం ఎవరిది’ అన్న పేచీ వస్తే అదే పనికొస్తుంది.

మీ మెయిల్‌బాక్స్. ఇన్‌వాయిస్ నంబరు, కంటైనర్ల లెక్క, అడ్వాన్స్ మొత్తం మోసగాడికి తెలిశాయంటే మీ మెయిల్‌లోనో బయ్యర్ మెయిల్‌లోనో కూర్చుని చదువుతున్నాడన్నమాట. డొమైన్ తీయించినా వాడు పక్క పేరుతో వారంలో తిరిగి వస్తాడు. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. ‘ఇన్‌వాయిస్’ అన్న మాట ఉన్న మెయిళ్ళని తెలియని అడ్రసుకి పంపేలా, లేదా నేరుగా ఆర్కైవ్‌లో పడేలా రూల్ పెట్టి ఉంటారు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే తీసేయండి. పాస్‌వర్డ్ మార్చండి, లాగిన్ అయి ఉన్న పరికరాలన్నిటినీ సైన్ అవుట్ చేయండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఆఫీసులో నలుగురూ ఒకే అకౌంట్ వాడుతుంటే ముందు ఆ పద్ధతి మానండి.

ఇక డొమైన్ సంగతి. ఎవరి చేతిలో ఏముందో తెలియకపోతే అందరికీ రాసి, ఎవరూ కదలక, కాలం గడిచిపోతుంది. డాట్ కామ్ మొత్తం పట్టికని నడిపే రిజిస్ట్రీ వెరిసైన్. జనానికి పేర్లు అమ్మేవాళ్ళు రిజిస్ట్రార్లు. చాలాసార్లు వాళ్ళ కింద రీసెల్లర్ ఉంటాడు, అసలు కస్టమర్‌తో మాట్లాడేది వాడే. సైటు ఉంటే దాన్ని మోసేది హోస్టింగ్ కంపెనీ, మెయిల్ మోసేది మెయిల్ కంపెనీ. ఐకాన్ అనేది 1998లో కాలిఫోర్నియాలో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. రిజిస్ట్రీలతో, రిజిస్ట్రార్లతో ఒప్పందాలు రాసుకుని వాళ్ళు వాటిని పాటిస్తున్నారా లేదా అని చూడటమే దాని పని. మీ భాషలో చెప్పాలంటే, క్వారీకి లీజిచ్చిన శాఖ దగ్గరికి వెళ్ళి రోడ్డు మీద పోతున్న లారీని ఆపమన్నట్టు. లీజు రద్దు చేయగలదేమో గానీ లారీ తాళాలు దాని దగ్గర ఉండవు.

రిజిస్ట్రార్ ఎందుకు నెమ్మది? మొదటి కారణం లెక్క. డాట్ కామ్ టోకు ధరే పది డాలర్లు దాటింది, దాని మీద రిజిస్ట్రార్‌కి మిగిలేది కొద్దిగా. ఒక మనిషి కూర్చుని ఒక ఫిర్యాదుని అరగంట చదివితే ఆ డొమైన్ మీద లాభం అంతా పోయినట్టే. అందుకే మొదటి వడపోత యంత్రం చేస్తుంది, రెండోది ఒక జూనియర్ రెండు మూడు నిమిషాల్లో చేస్తాడు. ఆ రెండు మూడు నిమిషాల్లో ‘సస్పెండ్’ నొక్కడానికి ధైర్యం వచ్చేంత ఆధారం కనబడకపోతే ఫైలు పక్కకి పోతుంది. తప్పుగా సస్పెండ్ చేస్తే కస్టమర్ గొడవ వాడి నెత్తిమీదికే వస్తుంది, చేయకపోతే వెంటనే అడిగేవాడు లేడు.

రెండోది ఒప్పందంలోని మాటలు. 2013 నాటి రిజిస్ట్రార్ ఒప్పందంలో 3.18 సెక్షన్ కింద ఫిర్యాదులను పరిశీలించి స్పందించాలని మాత్రమే ఉండేది. ‘చూశాం, మా కస్టమర్‌కి పంపాం’ అన్నా స్పందించినట్టే. 2024 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఇది మారింది. చర్య తీసుకోదగ్గ ఆధారం అందితే ఆ దుర్వినియోగాన్ని ఆపే, లేదా దానికి అడ్డం పడే చర్య వెంటనే తీసుకోవాలి. ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి. అబ్యూజ్ ఈమెయిల్ (దుర్వినియోగం మీద ఫిర్యాదులు తీసుకునే అడ్రసు) లేదా వెబ్‌ఫారం తేలిగ్గా దొరికేలా ఉంచాలి. అయితే ‘వెంటనే’ అంటే ఎన్ని గంటలో అంకె వేయలేదు, సందర్భాన్ని బట్టి అన్నారు. మీ 19 రోజులు ఆ సందులోంచే జారిపోయాయి.

మూడోది ఇంకా ముఖ్యం, మీ ఫిర్యాదు దీని మీదే బోల్తా పడి ఉంటుంది. ఆ సవరణ వర్తించేది ఐదు రకాలకే: మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్), బాట్‌నెట్ (మోసగాళ్ళు చేజిక్కించుకున్న కంప్యూటర్ల గుంపు), ఫిషింగ్, ఫార్మింగ్ (తెలియకుండానే నకిలీ సైటుకి మళ్ళించడం), ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని మోసుకొచ్చే స్పామ్. ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన ఇందులో లేదు. లాయర్ నోటీసులో ‘మా ట్రేడ్‌మార్క్‌ని పోలిన పేరు, మా పరువుకి నష్టం’ అని రాసి ఉంటే ఆ డెస్క్ దాన్ని క్షణంలో ‘పేరు తగాదా’ కింద వేసి, యూడీఆర్‌పీకి (డొమైన్ పేర్ల తగాదాలు తేల్చే పద్ధతికి) వెళ్ళమని మూసేస్తుంది. లేదా లాయర్ లెటర్‌హెడ్ మీద వచ్చింది అబ్యూజ్ డెస్క్‌కి కాక లీగల్ విభాగానికి పోతుంది, అక్కడ క్యూ ఇంకా పొడుగు. నోటీసు వల్ల చెడేదేమీ లేదు, త్వరపడాల్సిన దారి మాత్రం అది కాదు.

కాబట్టి ఫిర్యాదులో ‘ఫిషింగ్’ అన్న మాట, ‘లుక్‌అలైక్ ఈమెయిల్’ (అసలుదాన్ని పోలిన మెయిల్) అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. కొన్ని డెస్కులు ‘ఇది ఇన్‌వాయిస్ మోసం, ఫిషింగ్ కాదు’ అని వాదిస్తాయి. ఫిషింగ్‌కి ఐకాన్ వాడే నిర్వచనంలో పోలిక మెయిళ్ళతో ఆర్థిక, వ్యాపార సమాచారం రాబట్టడం కూడా ఉంది. బయ్యర్ నుంచి స్విఫ్ట్ కాపీ పంపమనో, బ్యాంకు వివరాలు చెప్పమనో వాడు అడిగిన వాక్యం ఒకటైనా ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి.

ఆధారం ఎలా సేకరించాలి

అసలు మెయిల్ బయ్యర్ దగ్గర ఉంది, మీ దగ్గర కాదు. ఆయన మీకు ఫార్వర్డ్ చేసింది పనికిరాదు, ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే సాంకేతిక వరసలు) పోతాయి. జీమెయిల్ అయితే ఆ మెయిల్ తెరిచి మూడు చుక్కలు, ‘షో ఒరిజినల్’, డౌన్‌లోడ్. అవుట్‌లుక్ అయితే మెయిల్‌ని ఫైల్‌గా సేవ్ చేసి అటాచ్ చేయమనండి. ఆ ఫైల్లో రిసీవ్డ్ అని మొదలయ్యే వరసలు కింద నుంచి పైకి చదవాలి, అన్నిటికంటే కిందిది మొదటి అడుగు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ అనుమతితోనే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పరీక్షల ఫలితాలు ఆ నకిలీ డొమైన్ పేరు మీదే ‘పాస్’ అని ఉంటే నిరాశపడకండి, అది మీకు మేలు. ఎవరో అడ్రసు దొంగిలించి పంపింది కాదు, ఆ డొమైన్ యజమానే దాని ద్వారా పంపాడని అది చెబుతుంది. రిజిస్ట్రార్ ‘స్పూఫింగ్ అయి ఉండొచ్చు’ అని తప్పించుకునే దారి అక్కడితో మూసుకుపోతుంది.

తర్వాత ఐకాన్ లుకప్ పేజీలో ఆ డొమైన్ పేరు కొట్టి ఫలితాన్ని పీడీఎఫ్‌గా దాచండి. డొమైన్ వివరాలు చూపించే పాత హూఈజ్ స్థానంలో ఇప్పుడు ఆర్‌డాప్ వచ్చింది, డాట్ కామ్ లాంటి జెనెరిక్ డొమైన్లకి 2025 జనవరి 28 నుంచి హూఈజ్ తప్పనిసరి కాదు. యజమాని పేరు కనిపించదు, 2018 మేలో యూరప్ జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) వచ్చాక ఆ వివరాలు దాచేశారు. మీకు కావాల్సింది పేరు కాదు, ‘క్రియేటెడ్’ తేదీ. డొమైన్ పుట్టిన తేదీకీ మోసం మెయిల్ తేదీకీ మధ్య నాలుగైదు రోజులే ఉంటే ఆ ఒక్క వరస సగం కేసు గెలిపిస్తుంది. అక్కడే రిజిస్ట్రార్ పేరు, అబ్యూజ్ ఈమెయిల్, ‘స్టేటస్’ అన్నవి కూడా ఉంటాయి.

ఇక ఎంఎక్స్ రికార్డు, అంటే ఆ డొమైన్‌కి వచ్చే మెయిల్‌ని ఏ సర్వర్ తీసుకుంటుందో చెప్పేది. ఆన్‌లైన్‌లో ఏ డీఎన్ఎస్ లుకప్ సాధనంలోనైనా ఆ పేరు, ఎంఎక్స్ రకం ఎంచుకుంటే మెయిల్ ఏ కంపెనీ దగ్గరికి వస్తోందో తెలుస్తుంది, పంపేదీ చాలాసార్లు అదే. గూగులో, మైక్రోసాఫ్టో, జోహోనో, ఏదో హోస్టింగ్ కంపెనీనో. మీ దృష్టి ముందు పెట్టాల్సింది ఇక్కడ. ఇన్‌వాయిస్ మోసం డొమైన్ల మీద చాలాసార్లు సైటే ఉండదు, ఖాళీ పేజీ వస్తుంది. రిజిస్ట్రార్ మనిషి బ్రౌజర్లో తెరిచి ‘ఏమీ లేదే’ అని మూసేస్తాడు. మెయిల్ కంపెనీ మాత్రం తన లాగ్‌లో ఆ మెయిల్ నిజంగా వెళ్ళిందో లేదో చూసుకోగలదు, ఆ అకౌంట్‌ని ఆపే అధికారమూ దానిదే. డొమైన్ బతికున్నా మెయిల్ చస్తే మోసగాడి పని ఆగిపోయినట్టే, కొంతకాలమైనా.

ఫిర్యాదు ఇంగ్లీషులోనే రాయాలి. దాని రూపం తెలుగులో ఇలా ఉండాలి: ‘ఈ డొమైన్‌ని ఫిషింగ్‌కి వాడుతున్నారు. ఫలానా తేదీ ఇన్ని గంటలకి (యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఫలానా అడ్రసు నుంచి మా కస్టమర్‌కి పోలిక మెయిల్ వెళ్ళింది. మా అసలు డొమైన్ ఇది, ఫలానా సంవత్సరం నుంచి ఉంది, తేడా చివరి ఒక్క అక్షరం. నకిలీ ఇన్‌వాయిస్‌లో ఖాతా నంబరు మార్చారు, అసలుదీ నకిలీదీ రెండూ జతచేశాం. పూర్తి హెడర్లు కింద ఉన్నాయి. డొమైన్ హోల్డ్‌లో పెట్టమని కోరుతున్నాం.’ అంతే. ఆవేదన, దేశంలో మీ స్థానం, మీ నష్టం, హెచ్చరికలు ఏవీ వద్దు. సమయం మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి రాయండి, లేకపోతే వాళ్ళ లాగ్‌తో కలవక ‘ధ్రువీకరించలేకపోయాం’ అంటారు.

చిన్న చిక్కొకటి చాలామందికి తెలియదు. మోసం లింకు, డొమైన్ పేరు ఉన్న మెయిల్‌ని అబ్యూజ్ డెస్క్ సొంత స్పామ్ ఫిల్టరే మింగేస్తుంది. అందుకే చుక్క చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టి, హెచ్‌టీటీపీలో రెండు ‘టీ’ల బదులు రెండు ‘ఎక్స్’లు రాసి పంపుతారు. జిప్ ఫైళ్ళు పంపకండి. హెడర్లు మెయిల్ లోపలే అతికించండి. వెబ్‌ఫారం ఉంటే మెయిల్ కన్నా అదే మేలు.

మీరు పెట్టిన మూడు మెయిళ్ళు మూడు టికెట్లుగా పడి ఉంటాయి. కొన్ని వ్యవస్థల్లో కొత్త టికెట్ వస్తే పాతదానితో కలిపి తేదీని ముందుకి జరుపుతారు, అలాగైతే మీరే మళ్ళీ క్యూ చివరికి వెళ్ళారన్నమాట. ఇకమీద మొదటి టికెట్ నంబరు సబ్జెక్టులో ఉంచి దానికే జవాబుగా పంపండి. రీసెల్లర్ ఉంటే వాడికీ కాపీ, కానీ వాడి మీద ఆధారపడొద్దు. ఒప్పందం ప్రకారం బాధ్యత రిజిస్ట్రార్‌దే.

నకిలీ సైటు కూడా ఉంటే (నెల్లూరు వైపు రొయ్యల హేచరీల, ఫీడ్ కంపెనీల సైట్లని మొత్తంగా కాపీ కొట్టి సీడ్‌కి (రొయ్య పిల్లలకి) అడ్వాన్స్ వసూలు చేసే రకం అనుకోండి) ఇంకో ఇబ్బంది ఉంటుంది. ఆ సైటు ఒక్కోసారి మన దేశపు మొబైల్ కనెక్షన్‌కి మాత్రమే అసలు రూపం చూపించి, విదేశంలో కూర్చున్న అబ్యూజ్ ఉద్యోగికి ఖాళీ పేజీ చూపిస్తుంది. అలా ఉంటే స్క్రీన్‌షాట్‌తో పాటు ‘ఇండియా మొబైల్ నెట్‌వర్క్ నుంచే కనిపిస్తుంది’ అని రాయాలి, పూర్తి లింకు ఇవ్వాలి, హోమ్ పేజీ ఒక్కటే కాదు. అలాంటప్పుడు గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌కి, మైక్రోసాఫ్ట్ స్మార్ట్‌స్క్రీన్‌కి కూడా రిపోర్ట్ చేయండి. రిజిస్ట్రార్ కదిలేలోపు బ్రౌజర్లో ఎర్ర హెచ్చరిక పడితే చాలామంది ఆగిపోతారు.

ఐకాన్‌కి ఎప్పుడు? సరైన ఆధారంతో ఫిర్యాదు పెట్టి వారం గడిచినా యాంత్రిక జవాబు తప్ప రాకపోతే అప్పుడు. అక్కడ ‘డొమైన్ తీయండి’ అని రాయొద్దు. ‘రిజిస్ట్రార్‌కి ఫలానా తేదీన చర్య తీసుకోదగ్గ ఆధారం ఇచ్చాం, 3.18 ప్రకారం చర్య తీసుకోలేదు’ అని రాసి మీ ఫిర్యాదు, టికెట్ నంబరు, వాళ్ళ జవాబు జతచేయండి. ఐకాన్ వాళ్ళు రిజిస్ట్రార్‌కి దశలవారీగా నోటీసులు ఇస్తారు, జవాబు గడువులు ఉంటాయి, వారాలు పడుతుంది. ఉల్లంఘన నోటీసు దాకా పోతే సరిదిద్దుకోవడానికి 21 రోజులు. ఉత్తుత్తి బెదిరింపు కాదు, ఫ్రీనమ్ గ్రూపుకి చెందిన ఓపెన్‌టీఎల్‌డీ అనే రిజిస్ట్రార్ గుర్తింపుని 2023 నవంబరులో రద్దు చేసింది. 2024 జూలైలో డాట్ టాప్ రిజిస్ట్రీకే నోటీసిచ్చింది. కానీ చూడండి, ఇవన్నీ సంస్థ మీద చర్యలు, మీ ఒక్క డొమైన్ మీద కాదు. ఐకాన్ ఫిర్యాదు వల్ల అసలు లాభం వేరు: ఐకాన్ కంప్లయన్స్ (ఒప్పందాల అమలు చూసే విభాగం) నుంచి లేఖ రాగానే ఆ టికెట్ జూనియర్ చేతిలోంచి పైవాడి బల్ల మీదికి పోతుంది.

డాట్ ఇన్ అయితే ఐకాన్ ఒప్పందం వర్తించదు, అది డాట్ ఇన్‌ని నడిపే నిక్సీ పరిధి. ఇతర దేశాల రెండక్షరాల డొమైన్లకి ఆయా దేశాల రిజిస్ట్రీల నియమాలే.

పోలీసులు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, ఒంగోలులో ఎఫ్‌ఐఆర్ అడగండి. ఐటీ చట్టం 66సి, 66డి, భారతీయ న్యాయ సంహిత 318, 319 సెక్షన్లు ఈ కేసుకి సరిపోతాయి. ఎలక్ట్రానిక్ ఆధారాలకి భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఫైళ్ళ హ్యాష్ విలువలు (ఫైల్ మారలేదని చూపించే కోడ్‌లు) ఇప్పుడే రాయించుకోండి. పోలీసుల నుంచి వచ్చిన ఫిర్యాదుని రిజిస్ట్రార్ 24 గంటల్లో పరిశీలించాలన్న నిబంధన ఒకటుంది, దాన్ని చూసి అందరూ ఆశపడతారు. అది రిజిస్ట్రార్ కంపెనీ నమోదైన దేశపు, లేదా దానికి ఆఫీసు ఉన్న దేశపు పోలీసులకే వర్తిస్తుంది. రిజిస్ట్రార్‌కి మన దేశంలో ఆఫీసు ఉంటే ఒంగోలు లేఖకి పదును ఉంటుంది, లేకపోతే అది వినతి పత్రమే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి కూడా ఒక మెయిల్ పెట్టండి.

డొమైన్ శాశ్వతంగా మీ చేతికి రావాలంటే యూడీఆర్‌పీ. వైపోలో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) ఒక ప్యానలిస్టుతో ఐదు పేర్ల దాకా 1500 డాలర్లు. అవతలివాడికి జవాబుకి 20 రోజులు, ప్యానెల్ వేశాక 14 రోజులు, తీర్పు తర్వాత అమలుకి పది పనిదినాలు. ఈ మొత్తం కాలంలో డొమైన్ బదిలీ కాకుండా లాక్ అవుతుంది గానీ పనిచేస్తూనే ఉంటుంది, మెయిళ్ళు వెళ్తూనే ఉంటాయి. అందుకే యూడీఆర్‌పీ వేసి చేతులు దులుపుకోకూడదు. రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ లేకపోయినా దారి ఉంది, ఏళ్ళ తరబడి ఆ పేరుతో చేసిన షిప్పింగ్ బిల్లులు, ఇన్‌వాయిస్‌లు చూపించాలి. డొమైన్ పేరుకి పాసింగ్ ఆఫ్ (మరొకరి పేరుతో చలామణి కావడం) నుంచి రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. డాట్ ఇన్‌కి ఇలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది, అందులో దురుద్దేశంతో రిజిస్టర్ చేయడమో వాడటమో ఏదో ఒకటి చూపిస్తే చాలు, యూడీఆర్‌పీలో రెండూ చూపించాలి. నన్నడిగితే, ఒక్క అక్షరం తేడా ఉన్న మోసం పేరు కోసం 1500 డాలర్లు పెట్టడం చాలామందికి దండగ. ఆ డబ్బుతో మీ పేరు చుట్టూ ఉన్న తప్పు స్పెల్లింగులన్నీ కొనేసుకోవచ్చు. ‘ఎస్’ లేనిది, మధ్యలో హైఫన్ ఉన్నది, ‘ఎం’ బదులు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెట్టినది. ఫోన్ స్క్రీన్ మీద ఆ రెండక్షరాలు అతుక్కుపోయి అచ్చం ‘ఎం’లా ఉంటాయి.

మీ సొంత డొమైన్‌కి డీమార్క్ ‘రిజెక్ట్’ (మీ పేరుతో వచ్చే నకిలీ మెయిళ్ళని తిరస్కరించమనే సెట్టింగ్) పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే పెట్టుకోండి, మంచిదే. కానీ అది మీ అసలు పేరుని ఎవరూ దొంగతనంగా వాడకుండా ఆపుతుంది, పోలిక పేరుని ఆపదు.

హోల్డ్ పడిందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఆర్‌డాప్‌లో స్టేటస్ దగ్గర ‘క్లయింట్ హోల్డ్’ అని వస్తే రిజిస్ట్రార్ ఆపినట్టు, ‘సర్వర్ హోల్డ్’ అంటే రిజిస్ట్రీ ఆపినట్టు. ‘క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్’ చూసి సంతోషపడకండి, అది దాదాపు అన్ని డొమైన్లకీ ఉండే మామూలు తాళం. హోల్డ్ పడ్డాక కూడా పాత సమాచారం కొన్ని సర్వర్లలో 48 గంటల దాకా నిలిచి ఉంటుంది, డాట్ కామ్ నేమ్‌సర్వర్ రికార్డుల గడువు అంత. ఆ రెండు రోజులు బయ్యర్లందరికీ ఫోన్ చేసి చెప్పండి. మెయిల్ కాదు, ఫోన్.

హోల్డ్‌లో ఉన్న డొమైన్‌ని ఎవరూ రెన్యువల్ చేయకపోతే గడువు తీరి, రిజిస్ట్రార్ ఇచ్చే అదనపు రోజులు, 30 రోజుల రిడెంప్షన్ (పాత యజమాని తిరిగి తీసుకోగల కాలం), 5 రోజుల పెండింగ్ డిలీట్ (తొలగింపుకి ముందు కాలం) దాటి మళ్ళీ అమ్మకానికి వస్తుంది. గడువు తేదీ ఆర్‌డాప్‌లోనే ఉంటుంది. ఫోన్లో రిమైండర్ పెట్టుకుని, పెండింగ్ డిలీట్ స్టేటస్ పడిన రోజే ఏదైనా బ్యాక్‌ఆర్డర్ (పేరు ఖాళీ కాగానే పట్టిచ్చే) సేవలో ఆ పేరు మీరే బుక్ చేసుకోండి.